గిన్నె మీది పొర



కుక్కరు అడుగున నీళ్ళు పోసి, లోపల గిన్నెలు సర్ది, మూత పెట్టేముందు ఆ నీళ్ళలో పిండేసిన నిమ్మచెక్కో, చింతపండు రెబ్బో ఒకటి వేయడం మనలో చాలామందికి చేతి అలవాటు. మరిచిపోయిన రోజు కుక్కరు లోపలి గోడ, నీళ్ళు నిలిచినంత మేర నల్లబడుతుంది. పీచుతో ఎంత రుద్దినా ఓ పట్టాన వదలదు. మర్నాడు అదే కుక్కర్లో పప్పుచారు నేరుగా కాచామనుకోండి, ఏ పీచూ అక్కర్లేకుండా లోపలంతా తెల్లగా తేలుతుంది.

ఆ నలుపు ఎక్కణ్ణించి వచ్చింది, ఎక్కడికి పోయింది? ఈ పూట దాని గురించే మాట్లాడుకుందాం. లోహాలు ఆమ్లాలతో ఏం చేస్తాయి, క్షారాలతో ఏం చేస్తాయి అన్నది పదో తరగతి పాఠం. జింకు ముక్కలు, పరీక్షనాళిక, బుడగలు, టప్పున పేలే అగ్గిపుల్ల. ముప్పై ఏళ్ళు ఆ పాఠం చెప్పినదాన్ని. నాకది నిజంగా తలకెక్కింది మాత్రం వంటింటి గట్టు దగ్గరే.

పెళ్ళయిన కొత్తలో ఒకరోజు పాలు మాడ్చాను. అల్యూమినియం గిన్నె. కొన్ని ఊళ్ళలో సత్తు గిన్నె అంటారు, మరికొన్ని చోట్ల సిల్వర్ గిన్నె అంటారు. వెండితో దానికి రంగు తప్ప వేరే చుట్టరికం లేదు. అడుగంటిన మాడు వదలడానికి గిన్నె నిండా నీళ్ళు పోసి, నాలుగు చెంచాల చాకలి సోడా వేసి పొయ్యి మీద పెట్టాను. కాసేపటికి అడుగు నుంచి సన్నటి బుడగలు తెరలు తెరలుగా లేచాయి. నీళ్ళింకా మరగనే లేదు. మాడు వదులుతోందని సంతోషపడి, దించి రాత్రంతా అలాగే వదిలేశాను. తెల్లారి చూస్తే మాడు వదిలింది. గిన్నె లోపల మాత్రం బూడిద కలిసిన నలుపు. వేలితో రాస్తే పిల్లి నాలుకలా గరగరలాడింది. మా అత్తగారు గిన్నెను వెలుగులోకి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "సత్తు గిన్నెకు సోడా పనికిరాదమ్మా, తినేస్తుంది" అన్నారు. ఆవిడ చదివింది ఐదో తరగతి. ఆ జరిగినదానికి అంతకన్నా సరైన మాట నాకు ఇప్పటికీ దొరకలేదు.

సోడా మొదట తిన్నది గిన్నె మీది పొరను. గిన్నె వంతు ఆ తర్వాత వచ్చింది.

అల్యూమినియం చాలా దుడుకు లోహం. చర్యాశీలత వరసలో జింకుకూ ఇనుముకూ పైమెట్టున ఉంటుంది. ఏ అడ్డూ లేకుండా నీళ్ళకు తగిలితే, ఆ నీటినే విడగొట్టి హైడ్రోజన్ వదలగలదు. అలాంటి దాంట్లో రోజూ ఎసరు పెడుతున్నాం, పాలు కాస్తున్నాం, ఏమీ కావడం లేదు. ఎందుకంటే గాలి తగిలిన క్షణంలోనే దాని ఒంటి మీద ఆక్సైడు పొర ఒకటి కడుతుంది. దాని మందం రెండు మూడు నానోమీటర్లు. తల వెంట్రుక మందం అంతకు పదివేల రెట్లకు పైగా ఉంటుంది. కంటికి ఆనదు, చేతికి తగలదు. కానీ గట్టిది, లోహాన్ని విడవకుండా అంటుకుని ఉంటుంది, నీటిని లోపలికి పోనివ్వదు. గరిటె గీరుకుంటే ఆ గీతలో అప్పటికప్పుడే మళ్ళీ పుడుతుంది. మన అన్నం ఉడుకుతున్నది నిజానికి ఆ పొరలో.

పాదరసం తగిలితే ఆ పొర నిలవదు. గీత పడిన చోట పాదరసం అంటుకుంటే అల్యూమినియం ఆగకుండా తెల్లటి పొడిగా, బూజులా పైకి పెరుగుతూ పోతుంది. చాలా విమానాల ఒళ్ళు ఎక్కువగా అల్యూమినియం మిశ్రమలోహమే. పాదరసం ఉన్న థర్మామీటర్లు, బారోమీటర్లు విమానంలో తీసుకెళ్ళడం మీద అన్ని ఆంక్షలు ఉన్నది అందుకే.

ఇక ఈ పొర స్వభావం. సాధారణంగా లోహపు ఆక్సైడు ఆమ్లంలో కరుగుతుంది, క్షారానికి చలించదు. అల్యూమినియం, జింకు, తగరం, సీసం లాంటి కొన్నిటి ఆక్సైడులు మాత్రం ఆమ్లానికీ లొంగుతాయి, గాఢమైన క్షారానికీ లొంగుతాయి. తెలుగు మాధ్యమం పుస్తకాల్లో వీటిని ద్విస్వభావ ఆక్సైడులు అంటారు. నా గిన్నెలో జరిగింది ఇదే. చాకలి సోడా నీళ్ళు క్షారం, పొరను కరిగించాయి. పొర పోయిన అల్యూమినియం పచ్చి గాయంలా నీటికి ఎదురుపడింది. మళ్ళీ పొర కట్టబోతే సోడా దాన్నీ కరిగించింది. కట్టడం, కరగడం, మళ్ళీ కట్టడం. ఆ బుడగలు నీటి నుంచి విడిపోయిన హైడ్రోజన్. చివరికి మిగిలిన గరుకూ నలుపూ అడ్డదిడ్డంగా కరిగిన లోహమూ, దాని మీద మందంగా పేరుకున్న నీరు పట్టిన ఆక్సైడూ, లోహంలో ముందే ఉన్న ఇనుము, సిలికాన్ లాంటి మలినాలూ.

కుక్కరు నలుపు కూడా ఇదే కథ, కాస్త నెమ్మదిగా నడుస్తుంది. మన బోరు నీళ్ళలో బైకార్బొనేట్లు ఉంటాయి. నీళ్ళు కాగేకొద్దీ వాటి నుంచి కార్బన్ డయాక్సైడు లేచిపోయి, మిగిలిన నీరు క్షారం వైపు మొగ్గుతుంది. ఆ వేడి క్షారంలో పొర మందమై నల్లగా మారుతుంది. నిమ్మచెక్క వేస్తే ఆ క్షారం విరిగిపోతుంది. పప్పుచారు కాచినప్పుడు చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఆ నల్లపొరను కరిగించి తీసుకుపోతుంది. ఎక్కడికి? చారులోకే. భయపడాల్సినంత మోతాదు కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మూత్రపిండాలు దాన్ని బయటికి పంపేస్తాయి. అయినా పులుసులూ చారులూ పొద్దున్నుంచి రాత్రి దాకా అల్యూమినియం గిన్నెలో ఉంచకుండా వేరే గిన్నెలోకి తీసుకోవడం మంచిది.

చాకలి సోడాకే ఇంత అయితే కాస్టిక్ సోడా సంగతి చెప్పనక్కర్లేదు. ఇంట్లో సబ్బు చేసుకునే వాళ్ళు దయచేసి వినండి. కాస్టిక్ సోడా నీళ్ళు అల్యూమినియం పాత్రలో ఎప్పుడూ కలపకండి. పాత్ర సలసల కాగిపోతుంది, హైడ్రోజన్ పొంగుతుంది, చిమ్మిన బొట్టు కంట్లో పడితే చూపే పోవచ్చు. స్టీలు పాత్ర వాడండి, నీళ్ళలో సోడా కొద్దికొద్దిగా వేయండి, సోడా మీద నీళ్ళు పోయకండి.

మనకు అల్యూమినియాన్ని ఇచ్చింది కూడా ఈ కరిగే గుణమే. ఖనిజం పేరు బాక్సైటు. అందులో అల్యూమినియం ఆక్సైడూ, ఇనుప ఆక్సైడూ కలిసి ఎర్రమట్టిలా ఉంటాయి. వాటిని విడదీయడం ఎలా? 1880ల చివర్లో కార్ల్ బేయర్ అనే ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త దారి చూపాడు. వేడి కాస్టిక్ సోడాలో ఒత్తిడి మీద ఉడికిస్తే అల్యూమినియం ఆక్సైడు కరుగుతుంది, ఇనుప ఆక్సైడు కరగదు. వడకడితే ఎర్రబురద ఇవతల, అల్యూమినియం అవతల. ఇప్పటికీ దాదాపు ప్రపంచమంతా అదే పద్ధతి. మన ఆంధ్ర సరిహద్దు దాటితే ఒడిశా కొరాపుట్ జిల్లాలో దమన్‌జోడి ఉంది. అక్కడి నాల్కో శుద్ధి కర్మాగారం నుంచి తెల్లటి అల్యూమినా పొడి రైల్లో విశాఖపట్నం రేవుకు చేరి ఓడలెక్కుతుంది. నా గిన్నెను పాడుచేసిన గుణం అక్కడ కొండంత మట్టిలోంచి లోహాన్ని ఏరి పెడుతోంది.

ఇల్లు కట్టేచోటా ఇది కనిపిస్తుంది. ఈమధ్య గోడలకు తేలికపాటి తెల్ల దిమ్మెలు వాడుతున్నారు, ఏఏసీ బ్లాకులని. చేత్తో ఎత్తి చూడండి, ఆ సైజుకు ఉండాల్సిన బరువు ఉండదు. సున్నం, సిమెంటు, బూడిద లాంటివి కలిపిన జావలో చిటికెడంత అల్యూమినియం పొడి వేస్తారు. సున్నం క్షారం కాబట్టి అల్యూమినియాన్ని తిని హైడ్రోజన్ వదులుతుంది. జావ ఇడ్లీపిండిలా పొంగుతుంది. గట్టిపడ్డాక ఆ బుడగల గూళ్ళు అలాగే మిగిలిపోతాయి. హైడ్రోజన్ లేచిపోయి గాలి చేరుతుంది. 1920ల్లో స్వీడన్‌లో మొదలైన పద్ధతి ఇది. అదే ఇంటికి అల్యూమినియం కిటికీలు బిగించేటప్పుడు, పనితెలిసిన వాళ్ళు చట్రానికి ప్లాస్టిక్ కాగితం అంటించే ఉంచుతారు. పచ్చి సిమెంటు చింది అక్కడే ఎండితే మచ్చ మిగులుతుంది. తుడిచినా పోదు, అక్కడ లోహమే కొంత పోయింది కదా.

అల్యూమినియాన్ని అలా తినే సిమెంటు ఇనుమును ఏం చేస్తుంది? కాపాడుతుంది.

నాకు ఇందులో చాలా ఇష్టమైన సంగతి ఇది. ఇనుము గాలికీ తేమకూ తుప్పు పడుతుందని అందరికీ తెలుసు. ఆ తుప్పు కూడా ఆక్సైడు పొరే, కానీ లోహాన్ని పట్టుకుని ఉండదు, పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది, రాలిన చోట కొత్త ఇనుము బయటపడి మళ్ళీ తుప్పు పడుతుంది. అదే ఇనుప ఊచను కాంక్రీటులో పాతితే, సిమెంటులోని సున్నం వల్ల చుట్టూ గాఢమైన క్షారం ఉంటుంది. ఆ క్షారంలో ఇనుము మీద పలచగా, గట్టిగా, అల్యూమినియానికి ఉన్నలాంటి పొర కడుతుంది. ఆ పొర ఉన్నన్నాళ్ళూ ఊచ భద్రం. అది పోయేది రెండు దారుల్లో. గాలిలోని కార్బన్ డయాక్సైడు ఏళ్ళ తరబడి కాంక్రీటులోకి ఇంకి సున్నాన్ని సుద్దగా మార్చేస్తే క్షారం తగ్గిపోతుంది, పొర నిలవదు. రెండోది ఉప్పు. సముద్రపు గాలితోనో, కడగని సముద్రపు ఇసుకతోనో వచ్చిన ఉప్పులోని క్లోరైడు ఆ పొరకు తూట్లు పొడుస్తుంది. ఊచ తుప్పు పట్టి, ఉబ్బి, కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. సముద్రపు ఒడ్డు ఊళ్ళలో పాత మేడల బాల్కనీల కింద పెచ్చులూడి ఎర్రటి ఊచలు కనిపించడం మీరు చూసే ఉంటారు. అక్కడ ఊడిపోయిన సిమెంటు పెచ్చు మళ్ళీ పూసి రంగు వేస్తే సరిపోదు. తుప్పంతా గీకి, ఉప్పు చేరిన కాంక్రీటు తీసేసి, కొత్త క్షారం మధ్య ఆ ఊచను మళ్ళీ నిలపాలి.

ఇలాంటి పొర ఒకటి ఉంటుందని మొదట అనుమానించిన వాళ్ళలో మైకేల్ ఫారడే ఒకడు. 1836లో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త ఆయనకు ఒక వింత రాసి పంపాడు. పలచటి నైట్రిక్ ఆమ్లంలో ఇనుము పొగలు కక్కుతూ కరిగిపోతుంది. బాగా గాఢమైన నైట్రిక్ ఆమ్లంలో ముంచితే మాత్రం ఉలకదు, పలకదు. ఆ తర్వాత పలచటి ఆమ్లంలో పెట్టినా చాలాసార్లు ఉలకదు. గాజు కడ్డీతో ఒక్కచోట గీరితే చాలు, అంతదాకా నిద్రపోయినట్టున్న ఇనుము ఒక్కసారిగా బుసకొట్టి కరగడం మొదలుపెడుతుంది. ఇనుము పైన కంటికి కనపడని ఆక్సైడు పొర లాంటిది ఏదో కట్టి ఉంటుందని ఫారడే ఊహించాడు. అంత పలచటి పొరను చూసే పనిముట్టు ఆ రోజుల్లో లేదు. ఆమ్లం గాఢంగా ఉంటేనే ఎక్కువ హాని అనుకుంటాం కదా, గాఢమైన నైట్రిక్ ఆమ్లాన్ని అల్యూమినియం ట్యాంకుల్లో పోసి రవాణా చేస్తారు. ఆమ్లమే పొర కట్టిస్తుంది.

రాగి, ఇత్తడి దగ్గరికి వద్దాం. నా మనసంతా ఉన్నది అక్కడే.

రాగి నిదానస్తురాలు. మామూలు పలచటి ఆమ్లంలో వేస్తే హైడ్రోజన్ రాదు, ఎంతసేపు చూసినా బుడగ లేవదు. మరి చింతపండు పులుసు ఇత్తడి గిన్నెలో పోస్తే కిలుము ఎందుకు పడుతుంది? గాలి వల్ల. గాలిలోని ఆక్సిజన్ రాగిని ఆక్సైడుగా మారుస్తుంది, పులుపు ఆ ఆక్సైడును కరిగిస్తుంది, కింద కొత్త రాగి బయటపడుతుంది. ఇద్దరూ కలిస్తేనే పని జరుగుతుంది. నమ్మకం లేకపోతే ఒక పాత ఇత్తడి గిన్నెలో సగానికి చింతపండు నీళ్ళు పోసి రెండు రోజులు ఉంచి చూడండి. పచ్చదనం అన్నిటికన్నా ఎక్కువగా తేలేది నీటి అంచున, గాలీ పులుపూ కలిసే గీత దగ్గర. ఆ నీళ్ళు పారబోయండి, నోట్లో పెట్టుకోకండి. రాగి అలా కరిగి కడుపులోకి పోతే వికారం, వాంతులు.

దీపం కుందులూ చెంబులూ చింతపండుతో తోమడం కూడా ఇదే రసాయనం. చింతపండు నల్లబడ్డ ఆక్సైడును కరిగిస్తుంది. దాని కిందున్న లోహం జోలికి అంతగా పోదు. అందుకే రెండు నిమిషాల్లో బంగారంలా మెరుస్తుంది. రాసి మరిచిపోయారా, ఇత్తడి మీద గులాబీరంగు మచ్చలు తేలుతాయి. ఇత్తడి అంటే రాగీ జింకూ కలిసినది. పులుపు జింకును ముందు పట్టుకెళ్ళిపోతే ఆ చోట వట్టి రాగి మిగులుతుంది, ఆ రంగు అదే.

అలాంటి ఇత్తడి గిన్నెల్లో మన పెద్దవాళ్ళు పప్పుచారు కాచుకున్నారు. ఎలాగంటే, కళాయి పెట్టించి.

మా చిన్నప్పుడు వేసవిలో కళాయి వేసేవాడు వీధి చివర వేపచెట్టు కింద గుంట తవ్వి, తిత్తి అమర్చి, బొగ్గులు రాజేసేవాడు. ఇళ్ళలోంచి గుండిగలూ గిన్నెలూ వచ్చి వరసగా చేరేవి. పెద్ద గిన్నె అయితే అందులో ఇసుక పోసి, పాదాలు లోపల పెట్టి నిలబడి, రెండు చేతులతో చెట్టును పట్టుకుని నడుము తిప్పుతూ తొక్కేవాడు. ఒళ్ళంతా ఊగేది. అలా తోమిన గిన్నెను పటకారుతో పట్టి నిప్పుల మీద తిప్పి, చుట్టూ సమంగా కాగాక లోపల చిటికెడు తెల్లపొడి చల్లేవాడు. గుప్పున తెల్లటి పొగ, ముక్కుపుటాలు అదిరే ఘాటు. వెంటనే తగరం కడ్డీ ఆ వేడి గోడకు ఆనిస్తే చివర కరిగి వెండిబొట్టు జారేది. దూది ఉండతో ఆ బొట్టును గిన్నె లోపలంతా ఒకే ఊపులో పరిచేవాడు. చేయి ఎక్కడికి వెళితే అక్కడికి అద్దం పాకేది. వెంటనే నీళ్ళ బక్కెట్లో ముంచితే చుయ్యిమని చప్పుడు.

ఆ తెల్లపొడి నవాసాగరం, అంటే అమ్మోనియం క్లోరైడు. వేడికి అది అమ్మోనియాగా, హైడ్రోజన్ క్లోరైడుగా విడిపోతుంది. ఆ హైడ్రోజన్ క్లోరైడు ఆమ్లవాయువు. ఇత్తడి మీద ఆ వేడిలో కట్టిన ఆక్సైడు పొరను తినేస్తుంది. పొర ఉన్నంతసేపూ కరిగిన తగరం తామరాకు మీది నీటిబొట్టులా జారుతుందే తప్ప అంటదు. పొర పోయిన క్షణంలో, మళ్ళీ కట్టేలోపు, తగరం పరుచుకోవాలి. అందుకే ఆ తొందర. తగరం 232 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది కనుక బొగ్గుల సెగ చాలు. ఒక పొరను ఆమ్లంతో తీసి, దాని చోట ఇంకో పొరను చేత్తో వేయడం ఆ పనంతా. తగరానికి పులుపంటే అంత లెక్కలేదు. కొద్దిగా కరిగినా రాగిలా కడుపును తిప్పదు.

ఒక్క జాగ్రత్త ఉండేది, ఇప్పటికీ ఉండాలి. తగరం ఖరీదు, సీసం చవక. తగరంలో సీసం కలిపితే చూడటానికి తేడా తెలియదు. పులుపు సీసాన్ని కరిగిస్తుంది, అది ఒంట్లో చేరి, ముఖ్యంగా పసిపిల్లల మెదడుకు చెరుపు చేస్తుంది. స్వచ్ఛమైన తగరం కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని వంచితే సన్నగా కిరకిరమంటుంది, సీసం అలా పలకదు. ఇప్పుడు మళ్ళీ ఇత్తడి గిన్నెలు కొంటున్నారు, సంతోషం. కళాయి లేని గిన్నెలో పులుసు కాచకండి, కళాయి వేసేవాణ్ణి తగరం గురించి అడగండి.

స్టీలు గిన్నెకు ఈ బెడద లేదు. దానిలో కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉంటుంది, ఆ క్రోమియమే గాలి తగలగానే తనంతట తాను పొర కట్టుకుంటుంది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాల కోసం ఉక్కు రకాలు పరీక్షిస్తూ ఇలాంటి ఉక్కును తయారుచేశాడు. చింతపండూ, నిమ్మరసం, మజ్జిగా దేనికీ అది చెక్కు చెదరదు. దాని శత్రువు కూడా కాంక్రీటులో ఊచకు ఉన్న శత్రువే, ఉప్పు. ఉప్పూ పులుపూ కలిసి రోజుల తరబడి ఒకేచోట నిలిస్తే సూదిమొన గుంటలు పడతాయి. స్నానాలగది కడిగే యాసిడ్ అయితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అందులో ఆమ్లమూ క్లోరైడూ రెండూ ఉన్నాయి. సీసా మూత సరిగ్గా బిగించకుండా గదిలో పెడితే, ఒక్క చుక్క కూడా పడకుండానే ఆ ఆవిరికి కుళాయిల మీద తుప్పు చుక్కలు లేస్తాయి.

ఉప్పూ పులుపూ రెండూ ఏడాది పొడుగునా నిలవుండేది మనింట్లో ఒక్కటే, ఆవకాయ. దానికి మన వాళ్ళు ఏ లోహాన్నీ నమ్మలేదు. ఇత్తడి వద్దన్నారు, కళాయి వేసినదీ వద్దన్నారు, ఇనుము సరేసరి. మట్టిని కాల్చి, మీద గాజులాంటి మెరుపు పూసిన జాడీ తెచ్చారు. అది ముందే ఆక్సైడు, ఇంకా మారడానికి లోపల లోహమే లేదు. కలపడానికి కర్ర తెడ్డు. గాజుసీసాలో పచ్చడి పోసి రేకుమూత బిగిస్తే, వర్షాకాలానికి ఆ మూత లోపల తుప్పు గీత ఎలా తేలుతుందో మీకు తెలుసు. మా అత్తగారు మూత పెట్టేవారు కాదు. జాడీ మూతికి ఉతికి ఎండబెట్టిన పాత పంచె ముక్క వేసి, నూలు దారంతో వాసెన కట్టేవారు.